అత్త ఎందుకు రాలేదంటే

మా నాయిన నాలుగేళ్ళపాటు తన చెల్లెలి ఊసు ఎత్తలేదు. ఇంట్లో ఇంకెవరైనా ఎత్తితే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు. చందానగర్‌లో మా అమ్మానాయినల ఫ్లాటు హైవే వైపు ఉంటుంది. కింద బస్సులూ లారీలూ పోయే చప్పుడులో లోపలి మాటలు వినబడవు. మాట మారాక మళ్ళీ వచ్చి కూర్చునేవాడు.

ఆ చెల్లెలు నాకు మేనత్త. అత్త అనే మాటే గానీ నాకంటే ఏడెనిమిదేళ్ళే పెద్ద. కొండాపూర్ దగ్గర మా ఊరు ఇంకా ఊరుగానే ఉన్న రోజుల్లో ఇద్దరం ఒకే ఇంట్లో పెరిగాం. నన్ను చంకనేసుకుని జొన్నచేల గట్ల మీద తిప్పింది ఆమే. జడలు వేసి బడికి తీసుకుపోయింది ఆమే. ఆ చేలు ఎక్కడుండేవో ఇప్పుడు ఆనవాలు పట్టడం కష్టం. నేను పనిచేసే ఆఫీసు కూడా వాటి మీదే ఎక్కడో లేచి ఉండాలి.

అత్తను శంకర్‌పల్లి వైపు ఇచ్చారు. భర్త లారీ డ్రైవరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే రోడ్డు ప్రమాదంలో పోయాడు. పిల్లలు లేరు. తిరిగి తల్లి దగ్గరికి వచ్చి, మియాపూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేరింది. అక్కడ తనతో పనిచేసిన ఒకామె సైప్రస్ దేశంలో ముసలివాళ్ళను చూసుకునే పనికి వెళ్ళింది. ఆమె వెనకే తనూ వెళ్తానంది అత్త. నాయిన ఒప్పుకోలేదు. ఒంటరి ఆడమనిషి సముద్రాలు దాటి పోవడమేమిటన్నాడు. నానమ్మే ఆయన్ను ఆపింది.

“పోనియ్ రా. ఈడుండి రోజు నా మొకం, నీ మొకం చూసుకుంట ఏం జేస్తది?” అంది.

అలా వెళ్ళిన అత్త ప్రతి ఆదివారం నానమ్మతో ఫోన్లో మాట్లాడేది. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చి వెళ్ళింది. ఆ తర్వాత నానమ్మ జబ్బుపడింది. నెల తిరక్కుండానే పోయింది. నాయిన శవాన్ని ఫ్రీజరు పెట్టెలో ఉంచి, చెల్లెలు వచ్చేదాకా మట్టి చేసేది లేదని బంధువులందరికీ చెప్పాడు. మర్నాడు పొద్దున అత్త ఫోన్ చేసింది. తను రాలేనని, మీరు కానియ్యండని చెప్పింది. నాయిన ఫోను నా చేతిలో పెట్టి, పాడె కట్టేవాళ్ళ దగ్గరికి నడిచాడు. వచ్చినవాళ్ళు అడిగితే అక్కడివాళ్ళు సెలవియ్యలేదన్నాడు. మాతో మాత్రం, దానికి తల్లికన్నా కొలువే ఎక్కువైందని ఒకే ఒక్కసారి అన్నాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు అక్కడితో ఆగిపోయాయి. నేను అత్తతో మాట్లాడుతూనే ఉన్నాను గానీ, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆమే చెప్పాలనుకుంటే చెబుతుందని ఊరుకున్నాను.

పోయినేడు దసరా తర్వాత నేనూ నా భర్తా ఇటలీ, గ్రీసు చూడ్డానికి ఒక బృందంతో కలిసి వెళ్ళాం. ఏథెన్స్‌లో ప్రయాణం ముగుస్తుంది. ఆయన సెలవు అక్కడితో అయిపోతుంది. నాకు ఇంకా కొన్ని రోజులు మిగిలాయి. ఏథెన్స్ నుంచి సైప్రస్ విమానంలో ఎంతో దూరం కాదు. అత్తను చూసి వస్తానని బయల్దేరే ముందు నాయినకు చెప్పాను. ఆయన టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను చెప్పులు వేసుకుని లిఫ్టు దగ్గరికి వచ్చాక, వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఎందుకు రాలేదో జర అడుగు,” అన్నాడు.

ఆ మాట నాతోపాటే ప్రయాణం చేసింది. రోములో జనం కాసులు విసిరే ఫౌంటెన్ దగ్గరా, పడవలో నీలం సముద్రం మీదా నా భర్త ఫొటోలు తీస్తుంటే, ఆ ప్రశ్నను ఎలా అడగాలో నేను లోపల కూడబలుక్కుంటూ ఉన్నాను. ఏథెన్స్ మ్యూజియంలో పాత సమాధి రాళ్ళు ఒక గది నిండా ఉన్నాయి. వాటి మీద చనిపోయిన మనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు. బతికున్నవాళ్ళు ఎదురుగా నిలబడి అతని చేయి పట్టుకుని ఉంటారు. ఎవరి ముఖంలోనూ ఏడుపు ఉండదు. మా బృందం బస్సెక్కేదాకా నేను అక్కడే ఉన్నాను.

లార్నకా విమానాశ్రయంలో అత్తను నేను వెంటనే పోల్చుకోలేదు. నల్ల జాకెట్టు, పాదాల దాకా నల్ల పావడా, నల్ల స్వెట్టరు. జుట్టు వెనక్కి ముడేసి ఉంది. అక్కడి ఆడవాళ్ళలో ఒకరనుకుని దాటిపోబోయాను. ఆమే వచ్చి నా భుజం పట్టుకుంది.

“యాయా పోయింది బిడ్డా,” అంది.

యాయా అంటే వాళ్ళ భాషలో నానమ్మ. అత్త చూసుకునే ముసలావిడను అందరూ అలాగే పిలిచేవారు. నేను ఇటలీలో ఉండగానే ఆమె పోయిందట. ముందే చెబితే నేను ప్రయాణం మానుకుంటానేమోనని చెప్పలేదట. మర్నాడు తొమ్మిదో రోజు ప్రార్థన ఉందని, ఆ ఇంట్లోవాళ్ళు నన్ను కూడా రమ్మన్నారని చెప్పింది.

ఊరు లిమసోల్ పట్టణానికి పైన కొండల్లో ఉంది. ముసలావిడ కొడుకు కారు తెచ్చాడు. అరవై దాటిన మనిషి, బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. దారి పొడుగునా రాళ్ళ నేల, మధ్యమధ్య ఆలివ్ తోటలు. మన దగ్గరలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు. అత్త ముందు సీట్లో కూర్చుని అతనితో గ్రీకులో ఏదో మెల్లగా మాట్లాడుతూ వచ్చింది. ఆమె గొంతు ఆ భాషలో వేరేగా ఉంది. తెలుగులో మాట్లాడేటప్పటికంటే నెమ్మదిగా, కొంచెం లోతుగా.

ఇంట్లో ముసలావిడ గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద దుప్పటి మడిచి పెట్టారు. దాని పక్కనే, గోడవారగా అత్త మంచం. రెండు మంచాల మధ్య ఒక మనిషి నడిచేంత చోటు కూడా లేదు. ఇన్నేళ్ళూ ఆమె అక్కడే, చేయి చాపితే అందేంత దూరంలో పడుకుందన్నమాట.

ఆ సాయంత్రం వంటింట్లో మర్నాటి పని మొదలైంది. చనిపోయినవాళ్ళ పేరు మీద వాళ్ళు గోధుమలు ఉడికించి పంచుతారు. దాన్ని కోలివా అంటారు. ఉడికిన గోధుమలను గుడ్డ మీద ఆరబోసి, వేయించిన నువ్వులు, బాదం, కిస్మిస్, దానిమ్మ గింజలు కలుపుతారు. నేను దానిమ్మలు వలిచాను. ముసలావిడ కూతురు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. తల్లిని పూడ్చిన మర్నాటికి గానీ ఆమె ఊరు చేరలేదు. ఆమె నువ్వులు వేయిస్తూ ప్రతిదానికీ అత్తనే అడుగుతోంది. గిన్నెలెక్కడున్నాయి, అమ్మ ఏ గుడ్డ వాడేది, చక్కెర ఎంత. అత్త కళ్ళతోనే చూపిస్తోంది. ఆ ఇంటి ఆడబిడ్డ ఎవరో, పనికి వచ్చినదెవరో కొత్తగా చూసేవాళ్ళకు తెలియదు.

మర్నాడు చర్చిలో నేనూ అత్తా అందరికన్నా వెనక నిలబడ్డాం. మైనపు వాసన, పాటలాంటి ప్రార్థన. కొంతసేపటికి ముసలావిడ కొడుకు ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి చూశాడు. జనాన్ని తప్పుకుంటూ మా దగ్గరికి వచ్చి, అత్త మోచేయి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడు. తనకూ తన చెల్లెలికీ మధ్య నిలబెట్టాడు. అత్త భుజాలు కదలడం నాకు వెనక నుంచి కనిపించింది. నా చిన్నప్పటి నుంచీ ఆమె ఏడవడం చూడలేదని కాదు. భర్త శవం ఇంటికొచ్చిన రోజు చూశాను. కానీ ఇలా, చప్పుడు లేకుండా, నిలబడినచోటనే వంగిపోతూ ఏడవడం చూడలేదు. ముసలావిడ కూతురు ఆమె చేయి పట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా వదల్లేదు.

శ్మశానం దగ్గర దీపం పెట్టి, గోధుమలు పంచి, అందరం ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నాం. కొడుకు నా పక్కన కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడాడు. మా అత్త లేకపోతే తన తల్లి అన్నేళ్ళు బతికేది కాదన్నాడు. ఏదో ఒకటి అనాలని నేనూ అన్నాను. మా నానమ్మ పోయినప్పుడు ఆమెకు రావడానికి వీలుపడలేదు, అది మా ఇంట్లో అందరికీ బాధగా ఉండిపోయింది అని.

అతను చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూసి, జరిగింది అలా కాదు కదా అన్నాడు. అప్పుడు తన తల్లి తుంటి విరిగి మంచంలో ఉన్న మాట నిజమేనట. అయినా వెళ్ళమని తనే చెప్పాడట. టిక్కెట్టు కూడా తీశాడట. అత్త సంచీ సర్దుకుని కారు దాకా వచ్చి, డోరు మీద చెయ్యి వేసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయిందట. మీకు తెలుసనుకున్నాను అన్నాడు.

నాలుగేళ్ళుగా మేమందరం అక్కడివాళ్ళు ఆమెను రానివ్వలేదనే అనుకున్నాం. నాయిన కూడా, పైకి ఆ ఒక్క మాట అన్నా, లోపల ఎక్కడో అదే అనుకుని ఉంటాడు. అడగమన్నది అందుకే అయి ఉంటుంది. ఇప్పుడు ఈ జవాబు తీసుకుపోయి ఆయనకు ఎలా ఇవ్వాలి?

మర్నాటి పొద్దున అత్త పెరట్లో ముసలావిడ దుప్పట్లు ఉతికి తీగ మీద ఆరేస్తోంది. నేను రెండో కొస పట్టుకుని అడిగాను. దాచుకోకుండా అడిగాను. టిక్కెట్టు తీస్తే ఎందుకు రాలేదని.

ఆమె దుప్పటి ముడతలు సరిచేయడం ఆపలేదు.

“నేనొచ్చేటాలకు అమ్మ పెట్టెల ఉంటది, లేకుంటే మట్టిల ఉంటది. ఎట్లయినా నన్ను చూడది. ఈడ ఈమె పండుకున్న కాడ పండుకున్నది. నా చేతిది తప్ప ఎవ్వరి చేతిది తింటలేదు. కారు దాకా పోయిన. లోపట్నుంచి పిలుస్తున్నది. నా పేరు గూడ గాదు, ఉత్తగనే అరుస్తున్నది, చిన్నపిల్ల లెక్క. ఇగ నా కాళ్ళు కదల్లే.”

ఆ సంగతి నాయినకు చెప్పి ఉండాల్సిందన్నాను.

“ఏమని చెప్తా? కన్నతల్లిని ఇడిసిపెట్టి ఎవరి తల్లి కాడనో కూసున్న అని చెప్తా? సెలవియ్యలేదనుకుంటేనే మంచిగుంటది అనుకున్న.”

దుప్పటి అవతలి వైపు నుంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఒకటి చెప్త ఇను. నిన్న నేనేడ్చింది చూసి, అమ్మ యాదికొచ్చి ఏడ్చిందని మీ నాయినకు చెప్పకు. అమ్మ కోసం ఆ దినమే ఏడ్చిన, గా వంటింట్ల. నిన్న ఏడ్చింది ఈమె కోసమే. ఈమెకు గూడ ఎవరన్న ఏడ్వాలె గద.”

తర్వాత కూర్చుని, ముసలావిడ చివరి రోజు గురించి చెప్పింది. పొద్దున్నుంచీ ఆమె కూతుర్ని అడుగుతూనే ఉందట. కొడుకు ఫోన్ చేశాడు గానీ, ఆస్ట్రేలియా నుంచి రావడం అంత త్వరగా అయ్యే పని కాదు. మధ్యాహ్నానికి ఆమె కళ్ళకు మనుషులు ఆనడం లేదు. అప్పుడు అత్త ఆమె అరచేయి తన చెంపకు ఆనించుకుని, వచ్చానమ్మా అని గ్రీకులో చెప్పిందట. ఆ మాట నమ్మిందో లేదో తెలియదు. మళ్ళీ మాత్రం అడగలేదట.

నేను హైదరాబాదు తిరిగివచ్చిన రెండో రోజే చందానగర్ వెళ్ళాను. అమ్మ పడుకుని ఉంది. నాయిన ఒక్కడే పేపరు చదువుతున్నాడు. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. ఆ మిషన్ల హోరుకు ఒక చెవి సరిగా వినిపించదు. వినిపించే వైపున కూర్చుని అంతా చెప్పాను. టిక్కెట్టు సంగతీ, కారు సంగతీ, ఒక్కటీ దాచలేదు. కోపం వస్తే రానీ అనుకున్నాను. ఆయన బాల్కనీలోకి వెళ్ళలేదు. పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

“మీ నానమ్మ ఆఖరికి దాన్నే అడిగింది. కండ్లు తెరిస్తె వాకిలి దిక్కే చూసేది. ఇమానమెక్కింది అమ్మా, వస్తున్నదని చెప్పిన. మల్ల అడిగితే మల్ల చెప్పిన. నేనప్పటికి దానికి సరిగ ఫోన్ గూడ చెయ్యలే, అమ్మ కోలుకుంటదనుకున్న,” అన్నాడు. పేపరు పక్కన పెట్టాడు. “అది రాలేదని గాదు బిడ్డా నా కోపం. ఆ అబద్ధం నిజమైతదని సూసిన. పెట్టెల పెట్టి గూడ సూసిన.”

ఈ సంగతి ఆయన అప్పటిదాకా మా అమ్మతో కూడా అనలేదు. అప్పుడు నేను ముసలావిడ చివరి మధ్యాహ్నం గురించి చెప్పాను. అత్త ఆమె చేయి పట్టుకుని ఏమందో చెప్పాను. నాయిన ఆ మాటను మళ్ళీ చెప్పించుకున్నాడు. చెవి వినబడక అనుకున్నాను. కాదు, విన్నాడు.

“ఎప్పుడొస్తదంట?” అన్నాడు.

ఏ ఇంటిమనిషిని చూసుకోవడానికి వెళ్ళిందో ఆ మనిషే లేకపోయాక, అత్త అక్కడ ఉండాలంటే ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. ఆమె వెతుక్కోలేదు. నలభయ్యో రోజు ప్రార్థన కూడా అయ్యాక బయల్దేరింది. శంషాబాద్‌కు నేనూ నాయినా వెళ్ళాం. ఆమె బయటికి రాగానే నాయిన ముందుకు నడిచి, ఆమె తోస్తున్న బండిని తను అందుకున్నాడు. “మంచిగున్నవా?” అన్నాడు. “ఉన్న అన్నా,” అంది. కారులో ఆయన ముందు, ఆమె వెనక. నేను నడుపుతున్నాను. రింగు రోడ్డు దిగాం. గచ్చిబౌలి దగ్గర నాయిన, ఇంటికి కాదు, ముందు నానమ్మ దగ్గరికి పోనియ్యమన్నాడు.

మా ఊరి శ్మశానం ఇంకా ఉంది. ఊరు పోయినా అది మిగిలింది. మూడువైపులా ఆఫీసు భవనాలు, ఒకవైపు గోడ. గోడ వెంట క్యాబులు నిలిపి డ్రైవర్లు నిద్రపోతుంటారు. పక్క భవనం సెక్యూరిటీ మనిషి కారు ఎవరిదని అడిగాడు. మా అమ్మ ఉన్నది లోపట, అన్నాడు నాయిన. అతను పక్కకు జరిగాడు.

సమాధి అంటే పెద్దగా ఏమీ లేదు. మట్టి దిబ్బ చుట్టూ సిమెంటుతో కట్టిన అంచు. అత్త చెప్పులు విడిచి, తలవైపు కూర్చుని, అంచు మీద పేరుకున్న ఆకులు ఏరి పక్కన పెట్టింది. ఏడవలేదు. నాయిన నిలబడే, నానమ్మకు తను చెప్పిన అబద్ధం గురించి ఆమెకు చెప్పాడు. నాకు చెప్పినంత వివరంగా కూడా చెప్పలేదు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు.

అత్త చాలాసేపు ఆకులు ఏరుతూనే ఉంది. తర్వాత తలెత్తకుండానే అంది.

“మంచిగ చేసినవన్నా. నేనొస్తున్ననుకోనే పోయింది.”

నాయిన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భోజనాల వేళ. గోడ అవతల మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు మాట్లాడుకుంటూ పోతున్నారు. రోజూ ఆ వేళకు నేనూ అలా పోయేదాన్నే. ఆయన తిరిగేదాకా మేమిద్దరం కదల్లేదు.

దాంతో అంతా సర్దుకుందని చెప్పలేను. నాయిన తమ ఇంట్లోనే ఉండమన్నాడు. అత్త ఉండలేదు. అన్నేళ్ళు ఇంకొకరి మంచం పక్కన పడుకున్నదాన్ని, ఇక తలుపేసుకుంటే నాదీ అనుకునే గది కావాలంది. మియాపూర్ బస్ డిపో వెనక ఒక గది కిరాయికి తీసుకుంది. మా ఆఫీసు దగ్గరి పెద్ద అపార్ట్‌మెంట్లలో ముసలివాళ్ళను చూసుకునే పనికి రమ్మని చాలామంది అడిగారు. వెళ్ళలేదు. కొన్ని నెలలు ఊరికే ఉండి, ఒక పూల కొట్లో పగటిపూట పనికి కుదిరింది. ఆదివారాలు చందానగర్ వస్తుంది. అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చుని తింటారు. మాటలు తక్కువే. ఒక్కోసారి నాయిన పాత కోపం కూరలో ఉప్పు మీదో, ఇంకో దాని మీదో బయటికొస్తుంది. ఆమె ఊరుకుంటుంది, లేదా తనూ ఒక మాట అంటుంది.

మొన్న ఆదివారం మేమందరం భోంచేసి కూర్చున్నప్పుడు అత్త ఫోను మోగింది. సైప్రస్ నుంచి ముసలావిడ కొడుకు. ఆమె బాల్కనీలోకి వెళ్ళి గ్రీకులో మాట్లాడింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నాయిన ఆ మాటలు వింటూ కూర్చున్నాడు. ఏమంటున్నదని నన్ను అడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు అన్నాను. ఆమె లోపలికి వచ్చేదాకా ఆగి, ఆమెనే అడిగాడు.

“ఏమంటున్నడు?”

“ఆలివ్ కాయలు రాలగొట్టిస్తున్నరంట అన్నా. వానల్లేక ఈసారి కాపు తక్కువున్నదంట.”

“ఎట్ల రాలగొడ్తరు? కట్టెలతోనా?”

అత్త కుర్చీ ఆయనకు వినిపించే చెవి వైపు జరుపుకుని కూర్చుంది. చెట్ల కింద పెద్ద పెద్ద వలలు ఎలా పరుస్తారో చేతులతో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.